దేవుడి మీద కేసు వేసే కథ: ‘గోపాల గోపాల’లో ఏది పండింది, ఏది తేలిపోయింది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరులో మీ తెలుగు నాటక బృందం ‘గోపాల గోపాల’ సినిమా మళ్లీ చూసింది. మొదటి సగం కడుపుబ్బ నవ్వించింది, రెండో సగంలో ఊపు తగ్గింది. అదే కథతో కన్నడంలో వచ్చిన ‘ముకుంద మురారి’ చూసినవాళ్లూ అదే మాట అన్నారు. ఇలాగే దేవుడూ భక్తీ చుట్టూ తిరిగే, నిండా మాటలున్న రెండు గంటల హాస్య నాటకాన్ని సొంతంగా రాసి వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వేదిక మీద వేయాలనుకుంటున్నారు. కుదిరితే తర్వాత చిన్న బడ్జెట్‌లో సినిమాగా తీయాలని కూడా ఉంది. ఆ సినిమాలో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి అని అడిగారు.

ఈ తరహా కథలో నవ్వు దేవుడి మీద జోకులు వేస్తే పుట్టదు. ఒక మామూలు దుకాణదారు మాట్లాడే ప్రతి మాటా లెక్కకు సరిపోతుంటే, పెద్దపెద్దవాళ్లు జవాబు దొరక్క నీళ్లు నమలడంలో పుడుతుంది. అంటే ఇక్కడ వాదమే హాస్యం. వాదం నడిచినంతసేపు సినిమా పరుగెత్తింది. వాదానికి జవాబు చెప్పాల్సిన చోట మహిమ వచ్చి కూర్చుంది, జారుడు అక్కడే మొదలైంది. మీ స్క్రిప్టులో ప్రతి సీనునూ ఈ ఒక్క కొలతతో చూసుకోండి.

ఈ కథ పుట్టుక తెలిస్తే దాని స్వభావం సగం అర్థమవుతుంది. మూలం ‘కాంజీ విరుద్ధ్ కాంజీ’ అనే గుజరాతీ నాటకం. దాని మీద 2012లో ఉమేశ్ శుక్లా దర్శకత్వంలో పరేశ్ రావల్, అక్షయ్ కుమార్‌లతో హిందీ ‘ఓ మై గాడ్’ వచ్చింది. దాన్ని కిశోర్ పార్దసాని (డాలీ) దుకాణదారుగా వెంకటేశ్, కృష్ణుడిగా పవన్ కల్యాణ్‌లతో తెలుగులో తీస్తే 2015 సంక్రాంతికి విడుదలైంది. 2016లో ఉపేంద్ర, సుదీప్‌లతో కన్నడంలోకి వెళ్లింది. అంటే ఈ కథకు మాటల బరువు పుట్టుకతోనే ఉంది. సినిమా అదనంగా చేర్చగలిగినవి భూకంపం, జనం, మోటారు సైకిల్ మీద దిగే కృష్ణుడు లాంటివి. మీరు మళ్లీ నాటకం వైపే వెళుతున్నారు కాబట్టి కథ పుట్టింటికి వెళుతున్నట్టే. మాటలు ఎక్కువయ్యాయని బెంగపడకండి, అవి ఏం పని చేస్తున్నాయన్నదే చూడండి.

మొదటి బలం ఎత్తుగడ. దేవుడంటే నమ్మకం లేని విగ్రహాల వ్యాపారి దుకాణం భూకంపంలో కూలింది. ఇది దైవఘటన కాబట్టి డబ్బు రాదని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చేసింది. అయితే దేవుడి దగ్గరే వసూలు చేస్తానని అతను కోర్టుకెక్కాడు. దేవుడు చేశాడని కంపెనీ ఒప్పుకుంటే దేవుడు ముద్దాయి అవుతాడు, చేయలేదంటే డబ్బు చెల్లించాలి. ఎటు తిరిగినా ఇరుకే. ఇలాంటి ముడి పడ్డాక రచయిత జోకుల కోసం వెతుక్కోనక్కర్లేదు, పాత్రలు నోరు తెరిస్తే చాలు. మీ కథకు కూడా ఇంత బిగువైన ముడి పడేదాకా డైలాగు రాయడం మొదలుపెట్టకండి.

మాట మాటకు తగిలి నవ్వు ఎలా పుడుతుందో దగ్గరగా చూడటానికి ఒక ముక్క రాసి చూపిస్తాను. ఇది ఆ సినిమాలోది కాదు.

మేనేజరు: చూడండి, ఇది దేవుడు చేసిన పని. మా చేతుల్లో ఏమీ లేదు.
దుకాణదారు: దేవుడు చేసిన పనేనంటారా సార్?
మేనేజరు: ముమ్మాటికీ.
దుకాణదారు: ఆ ముక్కే లెటర్‌హెడ్ మీద రాసివ్వండి.
మేనేజరు: ఎందుకూ?
దుకాణదారు: కేసులో మొదటి సాక్షి మీరే.

ఇందులో దుకాణదారు కొత్తగా ఏమీ అనలేదు, మేనేజరు మాటనే మేనేజరుకు అప్పగించాడు. చివరి లైను ఎలా నిలిచిందో చూడండి. ‘నేను కేసు వేసినప్పుడు మిమ్మల్నే మొదటి సాక్షిగా పిలిపిస్తాను’ అని రాస్తే అర్థం అదే, నవ్వు మాత్రం రాదు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వు తెప్పించే మాట మధ్యలో పడి, ‘పిలిపిస్తాను’ దాన్ని కప్పేస్తుంది. ప్రేక్షకుడు నవ్వబోయి, వాక్యం ఇంకా ఉంది కదా అని ఆగుతాడు. కాబట్టి కొసమెరుపు లైన్లలో క్రియను తీసేయండి, లేదా ముందుకు జరపండి. ఇంకో సంగతి, నవ్వు వచ్చాక హాలు రెండు మూడు సెకన్లు ఏమీ వినదు. అందుకే తర్వాతి డైలాగు ‘అబ్బే, అది కాదండీ, నా ఉద్దేశం ఏమిటంటే’ లాంటి పోయినా ఫరవాలేని మాటలతో మొదలవ్వాలి. అసలు విషయం అక్కడ పెడితే నవ్వులో కొట్టుకుపోతుంది, వాదంలో ఒక మెట్టు విరుగుతుంది, పది నిమిషాల తర్వాత జనానికి కథ అందదు. మాటల నాటకాలు ‘బోరు కొట్టాయి’ అనిపించుకోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వినబడని లైను ఒక్కటి చాలు.

రెండో బలం మన సంప్రదాయంలోనే ఉంది, తెలుగు వెర్షన్‌కు అది కలిసొచ్చింది. దేవుణ్ణి నిలదీయడం మనవాళ్లకు కొత్త కాదు. భద్రాద్రి రామదాసు చెరసాలలో కూర్చుని ఎవరెవరి నగకు ఎంతెంత ఖర్చుపెట్టాడో రాముడికే లెక్క అప్పజెప్పాడు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం నిండా తిట్టులా కనిపించే పొగడ్తే. నిందాస్తుతి వింటూ పెరిగిన ప్రేక్షకుడు, హీరో దేవుణ్ణి కడిగేస్తుంటే ఉలిక్కిపడడు. తిడుతున్నాడంటే వినేవాడు ఉన్నాడనేగా అని లోపల అనుకుంటాడు. ఇది మీకు పెద్ద దన్ను. మీ హీరో కేకలు వేసే హేతువాదిగా కంటే, దేవుడితో పాత బాకీ ఉన్నవాడిలా మాట్లాడితే హాలు వెంటనే అతని పక్షం చేరుతుంది.

అయితే ఏ దేవుడన్నది చాలా తేడా తెస్తుంది. 1977 నాటి ‘యమగోల’లో ఎన్టీఆర్ పాత్ర యమలోకంలో కింకరుల చేత యూనియన్ పెట్టించినా జనం హాయిగా నవ్వారు. యముడికీ చిత్రగుప్తుడికీ మన ఇళ్లలో పూజగది లేదు. వాళ్లు మన కళ్లకు ఆఫీసు, చిట్టా, పొరపాటు లెక్కలున్న అధికారులు. యముడు ఓడిపోవచ్చు, తికమకపడొచ్చు, బతిమాలొచ్చు. కృష్ణుడు అలా ఓడలేడు. రోజూ దీపం పెట్టే దేవుణ్ణి వేదిక మీదికి తెస్తే హాస్యం ఆయన మీద పనిచేయదు, ఆయన చుట్టూ ఉన్న మనుషుల మీదే పనిచేస్తుంది. ‘గోపాల గోపాల’ మొదటి సగంలో ఈ గీత సరిగ్గా పాటించారు. అక్కడ నవ్వులపాలయ్యేది స్వాములూ కంపెనీవాళ్లే.

మాటల నాణ్యత గురించి. తెలుగులో మాటలు రాసిన బుర్రా సాయిమాధవ్ తెనాలి నాటకరంగం నుంచి వచ్చినవారు. ఆ చెయ్యి తెలుస్తూనే ఉంటుంది. వాక్యాలు పొట్టివి, ఒక లైను రెండోదానికి తూకంగా పడుతుంది, నటుడు ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. వెంకటేశ్ గొంతు పెంచకుండా, ఇంటి గొడవ చెప్పుకున్నట్టు చెప్పడం కూడా సరైన నిర్ణయం. ఇలాంటి పాత్ర ఉపన్యాసం ఇచ్చిందంటే చచ్చినట్టే.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది దేవుడు కనబడటం. కృష్ణుడు మోటారు సైకిల్ దిగిన క్షణంలో దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు కెమెరా జవాబు చెప్పేసింది. హీరోకు తెలియదు, మనకు తెలుసు. దాంతో ‘ఇతను గెలుస్తాడా’ అన్న ఉత్కంఠ పోయి ‘ఇతనికి ఎప్పుడు తెలుస్తుంది’ అన్నది మిగిలింది. ఇదీ ఒక రకం సరదానే, కొన్ని సీన్లు దాని మీద బాగా నడిచాయి. కానీ కోర్టు వాదం పదును పోయింది. తర్వాత హీరో పక్షవాతంతో పడిపోవడం, దేవుడు బాగుచేయడం వచ్చాక నాస్తికుడి ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పకుండానే అతను మారిపోయాడు. నష్టం ఎవరు భరించాలి అని కదా అడిగాడు? ఒళ్లు బాగయింది అన్నది దానికి జవాబు ఎలా అవుతుంది? ప్రేక్షకుడు ఇంత వివరంగా అనుకోడు, ఏదో ఎగ్గొట్టారని మాత్రం తెలుస్తుంది. మీరు చెప్పిన ‘ఊపు తగ్గడం’ ఇదే.

మీ నాటకంలో దేవుడు రావాలా వద్దా? రావొచ్చు, రెండు షరతుల మీద. ఒకటి, ఆయన దేవుడేనని తేల్చే మహిమ ఏదీ వేదిక మీద జరగకూడదు. కొత్తగా అద్దెకు దిగినవాడో, ఇంటి కాగితాలు చూసే బ్రోకరో అన్నట్టు ఉండాలి. రెండు, ఆయన జవాబులు చెప్పకూడదు, ప్రశ్నలే అడగాలి. ఒక్కో రాకకు ఏడెనిమిది లైన్లు మించనివ్వకండి. దేవుడు ఎక్కువ మాట్లాడితే ఉపన్యాసమవుతుంది, తక్కువ మాట్లాడితే హాలంతా చెవులు రిక్కిస్తుంది. తెలుగు సినిమాలో ఇంకో చిక్కు ఉంది, అది మీకు ఉండదు. 2014 మార్చిలో పార్టీ పెట్టిన పవన్ కల్యాణ్ 2015 జనవరిలో దేవుడిగా కనిపిస్తే, ఆయన నోట ఏ మాట వచ్చినా హాల్లో ఈలలు పడ్డాయి, ఇంకో అర్థం వెతుక్కున్నారు. అప్పుడు పాత్ర వెనక్కిపోయి తార ముందుకొస్తాడు.

రెండో లోపం ఎదుటి పక్షం బలహీనం కావడం. స్వాములంతా డబ్బుమనుషులో కోపిష్ఠులో అయితే హీరో గెలవడం ఏపాటి? లింగం మీద పోసిన పాలు మోరీలో కలుస్తున్నాయన్న వాదన హీరోది. చప్పట్లు పడతాయి, న్యాయమే. దానికి గట్టి జవాబు ఇవ్వగలిగినవాడు ఆ కథలో లేడు. ఉంటే ఇలా అడిగేవాడు: ‘గుడి ముందు పూలు కట్టే ఆవిడ, కుండలు చేసేవాడు, అన్నదానంలో రోజూ తినేవాడు, వీళ్ల సంగతి ఏమిటి? అంతెందుకు, నువ్వు అమ్మింది ఏమిటి? పాతికేళ్లు నీ ఇల్లు గడిచింది ఎవరి భక్తి మీద?’ ఈ చివరి ప్రశ్న హీరోకు నిజంగా గుచ్చుకుంటుంది. సినిమా దీన్ని లోతుగా తవ్వలేదు, ఎంతో విలువైన గని వదిలేసినట్టు. మీ స్క్రిప్టులో ప్రతి కోర్టు సీనుకూ ఒక నియమం పెట్టుకోండి: ప్రతివాది కనీసం మూడు లైన్లకు చప్పట్లు కొట్టించుకోవాలి. ఆ సీను చదివి వినిపించినప్పుడు మీ బృందం రెండుగా చీలి వాదించుకుంటే సీను కుదిరినట్టు.

ఈ విషయంలో మెచ్చుకోవాల్సిన ఒక్క చోటు ఉంది. మిథున్ చక్రవర్తి వేసిన లీలాధర స్వామి చివర్లో, ఈ జనాన్ని నడిపేది దేవుడి మీద ప్రేమ కాదు, భయం, కాబట్టి మళ్లీ మా దగ్గరికే వస్తారన్న అర్థంలో మాట్లాడతాడు. ప్రతినాయకుడి నోట నిజం. సినిమా మొత్తంలో మనసులో ఉండిపోయే మాట అది.

మూడో లోపం, చూపించాక మళ్లీ చెప్పడం. దేవుణ్ణి ప్రశ్నించినవాడు స్పృహ తప్పి లేచేసరికి జనం అతనికే గుడి కట్టి దేవుణ్ణి చేసేశారు. అద్భుతమైన మలుపు. తన విగ్రహాన్ని తానే పగలగొట్టుకుంటాడు, అంతకంటే చెప్పేదేముంది? తర్వాత ఉపన్యాసం మొదలవుతుంది. దీనికి విరుగుడు కూడా ఆ కథలోనే దొరుకుతుంది. హిందీలో చివరన హీరో దేవుడి కీచైన్‌ను గుర్తుగా దాచుకోబోతే వద్దని గొంతు వినిపిస్తుంది, అతను పారేస్తాడు. ఒక చిన్న వస్తువు, ఒక చిన్న పని, అంతే. మీ స్క్రిప్టులో బలమైన దృశ్యం తర్వాత వచ్చే మొదటి పెద్ద డైలాగును కొట్టేసి రిహార్సల్ చేసి చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ డైలాగు లేని లోటు తెలియదు.

ఇప్పుడు చట్టం సంగతి. బెంగళూరు హాల్లో ఇన్సూరెన్స్ ఉద్యోగులూ లాయర్లూ తప్పకుండా కూర్చుని ఉంటారు, వాళ్లకు అతకకపోతే నవ్వరు. మన దేశంలో దుకాణాలకు ఎక్కువగా ఇచ్చే ఫైర్ పాలసీలో తుపాను, వరద లాంటివి మామూలుగా కవరవుతాయి. భూకంపానికి ఒకప్పుడు అదనపు ప్రీమియం కట్టాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్ నుంచి అయిదు కోట్ల లోపు ఆస్తులకు వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’లో అదీ కలిసే ఉంది. కాబట్టి ‘దైవఘటన, డబ్బు రాదు’ అని టోకున చెప్పే పాలసీ ఇవాళ్టి కథలో నిలబడదు. మార్గం ఏమిటంటే, క్లెయిము నిజంగా ఆగిపోయే కారణం వేరే పెట్టండి: పాలసీ దుకాణం భవనం మీదే ఉంది, సరుకు మీద లేదు. మేనేజరు మాత్రం ఓదార్చబోయి ‘అంతా దేవుడి పని’ అని ఉత్తరంలో రాసేస్తాడు. కేసు పాలసీ నిబంధన మీద కాకుండా ఆ ఉత్తరం మీద నడుస్తుంది. మర్యాదకు రాసిన వాక్యమే సాక్ష్యమవుతుంది, ఇది నమ్మేలా ఉంటుంది, నవ్వొస్తుంది కూడా.

భూకంపం కూడా బెంగళూరుకు అతకదు. వాన పెట్టండి. బెంగళూరులో కుమ్మరుల పేటైన పాటరీ టౌన్‌లో వినాయక చవితికి ముందు మట్టి విగ్రహాలు ఆరబెట్టుకున్న దుకాణం, రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) పొంగి నీళ్లొచ్చాయి, సరుకంతా కరిగి మట్టయింది. ఇన్సూరెన్స్ వాళ్లు దేవుడి పని అంటారు. కాలువ ఎందుకు పొంగిందని అడిగితే పాలికె (నగరపాలక సంస్థ) ఇంజినీరూ దేవుడి పనే అంటాడు. కాలువ మీద ఇల్లు కట్టినవాడూ అదే అంటాడు. అప్పుడు హీరో దేవుణ్ణి కోర్టుకు లాగడం నాస్తికత్వం కోసం కాదు, అందరూ ఆయన వెనక దాక్కున్నారు కాబట్టి ముందు ఆయన్ను పిలిస్తే మిగతావాళ్లు బయటపడతారని. భక్తుడు కూడా ఇబ్బంది లేకుండా నవ్వగలిగే దారి ఇది. వాదం చివరిదాకా సజీవంగా ఉంటుంది, మహిమతో పని లేదు.

కోర్టు విషయంలో సినిమా వాడుకోని ఇంకో సంపద ఉంది. మన చట్టంలో గుడిలో ప్రతిష్ఠించిన దేవతకు న్యాయపరమైన వ్యక్తిత్వం ఉంది, అంటే మనిషిలాగే కోర్టులో కక్షిదారు కావచ్చు. 1925లోనే, బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ ఒక విగ్రహం విషయంలో దీన్ని గట్టిగా చెప్పింది. 2019 అయోధ్య తీర్పులో రామ్‌లల్లా కక్షిదారే. దేవత తరఫున ధర్మకర్తో, దేవత సేవనూ ఆస్తినీ చూసుకునే సేవాయతో నిలబడతారు. కాబట్టి దేవుడి మీద కేసు అనగానే జడ్జి పగలబడి నవ్వాల్సిన పని లేదు. ‘ఏ గుడి దేవుడు? ధర్మకర్త ఎవరు? సమన్లు ఎవరు తీసుకుంటారు?’ అని తీవ్రంగా అడగడంలోనే నిజమైన హాస్యం. కర్ణాటకలో గుడి ముజరాయి శాఖ (అక్కడి దేవాదాయ శాఖ) కిందిదైతే ప్రభుత్వ వకీలు రావాల్సి వస్తుంది. ప్రతివాది లాయరుకు మంచి అస్త్రం కూడా ఇక్కడే దొరుకుతుంది. దుకాణంలో ఉన్నవి ప్రాణప్రతిష్ఠ కాని బొమ్మలు, సరుకు. సరుకు నష్టపోతే దేవుడికేం సంబంధం? హీరో దీనికి ఏం చెబుతాడో రాసుకోండి, మీ రెండో అంకం అదే.

కొలతలు కొన్ని. వేదిక మీద తెలుగు మాట హాయిగా వినబడాలంటే నిమిషానికి సుమారు 100 పదాలు. రెండు గంటల నాటకంలో నవ్వులు, రాకపోకలు, లైట్లు పోను 9,000 పదాలు దాటితే నటులు పరుగెత్తడం మొదలవుతుంది, పరుగులో మొదట పోయేది హాస్యం. ఒకే మనిషి మాట్లాడే డైలాగు ఒకటిన్నర నిమిషం మించకూడదు, మించాల్సి వస్తే మధ్యలో ఎవరో ఒకరు అడ్డుపడాలి. కోర్టు సీన్లు మొత్తం మూడు చాలు. ప్రతి దానిలో ఒక వస్తువు చేతులు మారాలి: ఉత్తరం, తడిసిన బిల్లు పుస్తకం, సగం కరిగిన వినాయకుడు. ఎప్పుడూ బోనులో నిలబడి మాట్లాడే మనిషిని పావుగంట చూస్తే కన్ను అలసిపోతుంది.

భాష దగ్గర కాస్త జాగ్రత్త. బెంగళూరు తెలుగు ప్రేక్షకుల్లో అనంతపురం, చిత్తూరు వాళ్లు, తరాలుగా ఇక్కడే ఉండి కన్నడం కలిపి మాట్లాడేవాళ్లు, ఉద్యోగాలకు కోస్తా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చినవాళ్లు అందరూ ఉంటారు. హీరోకు సీమ యాస పెట్టి, తెలివైన లైన్లన్నీ అతనికే ఇవ్వండి. యాసను వెర్రిబాగుల పాత్రకు అంటగడితే ఆ ప్రాంతం వాళ్లు సగం మంది నవ్వడం మానేస్తారు, వాళ్లదే సరి.

సినిమాగా తీసేటప్పుడు సెన్సారు సంగతి ముందే ఆలోచించాలి. మత సమూహాలను కించపరిచే దృశ్యాలూ మాటలూ ఉండకూడదని సర్టిఫికేషన్ మార్గదర్శకాలు చెబుతాయి. కావాలని, దురుద్దేశంతో మతభావాలను గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299 కింద నేరం, ఇది పాత ఐపీసీ 295ఎ. ఆచారాన్ని ప్రశ్నించే డైలాగు వేరు, ఆచరించేవాణ్ణి ఎగతాళి చేసే డైలాగు వేరు. ప్రతి లైనుకూ ఈ తేడా చూసి గుర్తు పెట్టుకోండి. ‘ఓ మై గాడ్’ తరువాయిగా 2023లో వచ్చిన ‘ఓఎంజీ 2’కు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు, శివుడిగా అనుకున్న పాత్ర శివుడి దూతగా మారింది. తీసేశాక ఇలా మార్చాల్సి వస్తే చిన్న బడ్జెట్ తట్టుకోలేదు. అందుకని దేవుడి పాత్ర ఎవరో తేల్చి చెప్పే మాటలను నటుడి ముఖం మీద క్లోజప్‌లో తీయకండి. వినేవాడి ముఖం మీదో, వీపు వైపు నుంచో తీస్తే, ఆ లైనును డబ్బింగ్‌లో మార్చుకోవచ్చు. డబ్బింగ్ రోజునే ‘దేవుడు’, ‘దూత’, ‘ఎవరో పెద్దాయన’ అని మూడు రకాలుగా చెప్పించి భద్రపరుచుకోండి.